మేకపోతుకు ఉచ్చ కట్టడం తొట్టి దగ్గరే మొదలవుతుంది: గొర్రెలు, మేకల పెంపకందారుల సంఘాలకు బహిరంగ లేఖ

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలోని గొర్రెలు, మేకల పెంపకందారుల సహకార సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు, సభ్యులకు నమస్కారం.

అమ్మకానికి సిద్ధమైన పోతు ఒక పొద్దున దొడ్డిలో ఓ మూల నిలబడి, వెనక కాళ్లు చాపి ముక్కుతూ ఉంటుంది. తోక పదేపదే ఆడిస్తుంది. రాత్రి వేసిన దాణా తొట్టిలో అలాగే ఉంటుంది. కడుపు కట్టిందనుకొని ఇంట్లోవాళ్లు ఆముదం తాగిస్తారు, వాము నీళ్లు పోస్తారు. మర్నాటికి కాస్త తేరుకున్నట్టు కనిపిస్తుంది. ఆ తేరుకోవడమే మోసం. లోపల మూత్రసంచి పగిలి, బిగువు తగ్గి, నొప్పి తగ్గిందంతే. మరో రెండు మూడు రోజులకు పొట్ట రెండు పక్కలా తిత్తిలా వేలాడుతుంది. పోతు దక్కదు.

దీన్ని వేడి చేసిందంటారు, బోరు నీళ్లలో సున్నం ఎక్కువైందంటారు, దిష్టి తగిలిందంటారు. మంద మీద తిరిగి మేసే మేకల్లో అరుదుగా కనిపించే ఈ జబ్బు, కట్టేసి దాణా పెట్టే పోతుల్లోనే ఎందుకు ఎక్కువో ఒక్కసారి ఆలోచించండి. మూత్రనాళంలో రాయి అడ్డుపడి ఉచ్చ కట్టే జబ్బు ఇది. ఆ రాయి తయారయ్యేది తొట్టిలో వేసిన మేత నుంచే. మేత మారిస్తే చాలావరకు ఆగిపోతుంది. ఈ లేఖ సంఘాలకే ఎందుకు రాస్తున్నామంటే, దాణాను సంచుల లెక్కన కొనేది, మిల్లువాళ్లతో బేరం చేసేది, పది ఇళ్లకు ఒకేసారి దాణా కలిపించగలిగేది మీరే. ఒక్కో రైతు విడిగా చేయలేని పని సంఘం ఒక నెలలో చేయగలదు.

ముందు ఒంటి సంగతి. ఆడమేకకు మూత్రనాళం పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది. ఇసుక రేణువులు తయారైనా మూత్రంతో కొట్టుకుపోతాయి. పోతుకు ఆ నాళం పొడుగ్గా, సన్నగా ఉండి, వృషణాల వెనక ఎస్ ఆకారంలో రెండు మలుపులు తిరుగుతుంది. అంగం కొసన సన్నని పురుగులాంటి తోక ఒకటి ఉంటుంది, మూత్రం దాని గుండా బయటికి రావాలి. రాయి ఇరుక్కునేవి ముఖ్యంగా ఈ రెండు చోట్లే: కొసన ఉన్న ఆ తోకలో, లేదా ఎస్ మలుపులో. సజ్జ గింజంత రాయి చాలు. పొట్టేలుకూ ఇదే ఏర్పాటు కాబట్టి కింద చెప్పేదంతా పొట్టేళ్లకూ వర్తిస్తుంది. 2017లో తెలంగాణలో మొదలైన గొర్రెల పంపిణీలో 20 గొర్రెలకు ఒక్క పొట్టేలునే ఇచ్చారు. జాతీయ పశుధన మిషన్ యూనిట్‌లో 100 మేకలకు 5 పోతులు. ఆ ఒక్కటో, ఆ అయిదిట్లో ఒకటో పోతే ఈత లెక్కంతా తారుమారు.

ఇక రాయి సంగతి. దాణా మీద పెరిగే పోతుల్లో ఎక్కువగా కనిపించేవి ఫాస్ఫేట్ రాళ్లు, అంటే భాస్వరంతో అయ్యేవి. మేక తిన్న భాస్వరంలో ఒంటికి అవసరం లేనిది మామూలుగా లాలాజలంలోకి చేరి, కడుపులో పడి, పెంటికల్లో బయటికి పోతుంది. ఈ దారి పనిచేయాలంటే మేక బాగా నెమరు వేయాలి. నెమరు వేయాలంటే పీచు ఉన్న, పొడుగాటి మేత నమలాలి. చొప్ప, ఆకు తగ్గించి పిండి, గుళికలు పెంచేసరికి నమలడం తగ్గుతుంది, లాలాజలం తగ్గుతుంది, భాస్వరం మూత్రం దారి పడుతుంది. మేక మూత్రం సహజంగా క్షారగుణంతో ఉంటుంది, పులుపునూ క్షారాన్నీ కొలిచే పీహెచ్ లెక్కలో 7.5 నుంచి 8.5 మధ్య. అలాంటి మూత్రంలో భాస్వరం, మెగ్నీషియం, అమ్మోనియా కలిసి గట్టిపడతాయి. నీళ్లు కూడా తక్కువ తాగితే మూత్రం చిక్కనై ఆ పని ఇంకా సులువవుతుంది.

భాస్వరం ఎక్కడి నుంచి వస్తోంది? తవుడు నుంచి. వరి తవుడులో భాస్వరం సుమారు 1.6 శాతం, నూనె తీసిన తవుడులో ఇంకాస్త ఎక్కువే ఉంటుంది. కాల్షియం మాత్రం శాతంలో పదో వంతు కూడా ఉండదు. గోధుమ పొట్టులో భాస్వరం ఒక శాతం పైన, కాల్షియం 0.13 శాతం. పత్తి చెక్కలో భాస్వరం ఒక శాతం దగ్గర. వేరుశనగ చెక్కలో 0.6. మొక్కజొన్నలో 0.3 లోపే, కానీ కాల్షియం దాదాపు సున్నా. అంటే మనం బలమైన దాణా అనుకొని కలిపే ప్రతి సరుకులోనూ భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. పోతుకు కావలసింది దీనికి సరిగ్గా తలకిందులు: కాల్షియం రెండు పాళ్లు, భాస్వరం ఒక పాలు. ఒకటిన్నర నుంచి రెండున్నర పాళ్ల మధ్య ఉంటే ఫర్వాలేదు.

ఊళ్లలో చాలాచోట్ల కలిపే మిశ్రమాన్నే లెక్క కడదాం. 50 కిలోల మొక్కజొన్న నూక, 40 కిలోల వరి తవుడు, 10 కిలోల వేరుశనగ చెక్క. ఈ క్వింటాలులో భాస్వరం 840 గ్రాములు, కాల్షియం 60 గ్రాములు. పండగ ముందు పోతుకు దీన్ని రోజుకు 700 గ్రాములు పెట్టి, 400 గ్రాముల జొన్న చొప్ప వేస్తే, ఒంట్లోకి వెళ్లే భాస్వరం ఆరు గ్రాములు దాటుతుంది, కాల్షియం రెండు గ్రాములైనా ఉండదు. రెండు పాళ్లకు ఒకటి ఉండాల్సిన చోట ఒక పాలుకు మూడు పైన. రెండు మూడు నెలలు ఇలా మేపితే ఇసుక పట్టడంలో ఆశ్చర్యం లేదు, పట్టకపోతేనే ఆశ్చర్యం.

చాలామంది సంచి గేదె దాణానే పోతులకూ పోస్తున్నారు. ఆ దాణా తయారుచేసింది పాలిచ్చే గేదె కోసం. ఆమె ప్రతి పూటా లీటర్ల కొద్దీ పాలలో కాల్షియం, భాస్వరం రెండూ బయటికి పంపేస్తుంది. పోతుకు పాలూ లేవు, చూడీ లేదు. వచ్చిందంతా ఎముకకో, పెంటికకో, మూత్రానికో పోవాలి. గేదె దాణాలో తవుడు వాటా ఎక్కువుంటుంది, కొన్నిట్లో యూరియా కూడా ఉంటుంది. దయచేసి ఈ అలవాటు మానిపించండి.

ఇక్కడే ఒక అపోహను గట్టిగా తీసేయాలి. రాయి అంటే సున్నం, కాబట్టి కాల్షియం ఆపేయాలని చెప్పేవాళ్లున్నారు. ఈ రాళ్ల విషయంలో అది తప్పు. దాణాలో కాల్షియం సరిపడా ఉంటే అది పేగుల్లోనే భాస్వరాన్ని పట్టుకొని పెంటికలోకి లాగుతుంది. మూత్రానికి చేరేది తగ్గుతుంది. కాబట్టి కాల్షియం కలపాలి, అదీ భాస్వరం లేని కాల్షియం. అది సున్నపురాయి పొడి. కోళ్ల దాణా సరుకులు అమ్మేచోట కాల్సైట్ పొడి అనో, ఎల్‌ఎస్‌పీ అనో దొరుకుతుంది. అందులో కాల్షియం 36 నుంచి 38 శాతం. దాణాలో పడే సరుకులన్నిటికన్నా ఇదే చవక. గోడలకు వేసే సున్నం, తాంబూలం సున్నం ఇది కాదు, అవి నోరు, పేగు కాలుస్తాయి. డీసీపీ అనే డైకాల్షియం ఫాస్ఫేట్ అసలే వద్దు. పేరులో కాల్షియం ఉన్నా అందులో 18 శాతం దాకా భాస్వరమే. మామూలు మినరల్ మిక్స్చర్‌లోనూ భాస్వరం, మెగ్నీషియం ఉంటాయి. అందుకే పోతు దాణాలో దాన్ని గుప్పిళ్లతో వేయొద్దు. సంచి మీద భాస్వరం శాతం చదివి, లెక్కలో కలుపుకొని, అవసరమైనంతే వేయండి.

మేము సూచించే క్వింటాలు దాణా ఇది. మొక్కజొన్న నూక 50 కిలోలు, వేరుశనగ చెక్క 18, కంది చున్నీ (పప్పు పట్టగా మిగిలే పొట్టు, నూక) 19, వరి తవుడు 10, సున్నపురాయి పొడి 2, ఉప్పు 1. తవుడును 40 నుంచి 10కి దింపడమే ఇందులో అసలు మార్పు. 40 కిలోల తవుడును అలాగే ఉంచి పొడితోనే సరిచేయాలంటే క్వింటాలుకు నాలుగు కిలోల పైన పొడి కలపాలి. అంత పొడి ఉంటే పోతు మూతి పెట్టదు. కొత్త లెక్కలో భాస్వరం అర శాతం లోపు, కాల్షియం 0.85 శాతం చుట్టుపక్కల వస్తాయి. 30 కిలోల పోతుకు ఇది రోజుకు 400 గ్రాములు, రెండు పూటలుగా. మొదలుపెట్టేటప్పుడు 100 గ్రాములతో మొదలుపెట్టి, రెండు మూడు రోజులకోసారి 50 గ్రాములు పెంచుతూ రండి. ఒక్కసారిగా పెంచితే రాయి కంటే ముందు కడుపు పులిసి చస్తుంది. ఆ పోతు రోజంతా తినే ఎండు లెక్క కిలో, కిలోంబావు ఉంటుంది. అందులో సగానికి పైగా గడ్డీ గాదమే ఉండాలి.

రెండు కిలోల పొడి అన్నది జొన్న చొప్ప, వరిగడ్డి, మామూలు గడ్డి మీద మేపే చోటికి సరిపోయే లెక్క. 400 గ్రాముల దాణా, 600 గ్రాముల చొప్ప కలిపితే కాల్షియం, భాస్వరం దాదాపు రెండుకు ఒకటిగా కుదురుతాయి. కానీ అనంతపురం, కర్నూలు వైపు వేరుశనగ కట్టె (కాయలు కోసుకున్నాక మిగిలే ఎండు తీగ), ఇంకొన్ని చోట్ల సుబాబుల్, అవిశ, లూసర్న్ పుష్కలంగా వేస్తారు. వీటిలో కాల్షియం బాగా ఎక్కువ. అరకిలో వేరుశనగ కట్టె ఒక్కటే ఆరు గ్రాముల కాల్షియం ఇస్తుంది. అక్కడ దాణాలో సున్నపురాయి పొడి వేయకుండానే లెక్క సరిపోతుంది. వేస్తే కాల్షియం నాలుగు పాళ్ల దగ్గరికి పోతుంది, అప్పుడు కాల్షియం కార్బొనేట్ రాళ్లు పట్టే ప్రమాదం. అందుకని సంఘం దాణా కలిపించేటప్పుడు సభ్యుల దగ్గర ఏ గడ్డి ఉందో ముందు అడగండి. చొప్ప ఊరికి ఒక మిశ్రమం, కట్టె ఊరికి ఇంకో మిశ్రమం. ఒకే చీటీ రెండు జిల్లాలకు పంచిపెడితే ఒకచోట మేలు, ఇంకోచోట కీడు.

కలిపే పద్ధతిలోనూ జాగ్రత్త కావాలి. రెండు కిలోల పొడిని క్వింటాలు మీద చల్లి పారతో రెండుసార్లు తిప్పితే చాలదు. ముందు పొడినీ ఉప్పునూ అయిదు కిలోల తవుడులో బాగా కలపండి, ఆ అయిదు కిలోల్ని పాతిక కిలోల నూకలో, దాన్ని మిగతా రాశిలో. అయినా పొడి దాణాలో రాతిపొడి బరువుకు కిందికి దిగుతుంది, పోతు పైన తిని అడుగున వదిలేస్తుంది. పెట్టేముందు నీళ్లు చిలకరించి తడి చేస్తే గింజకు అంటుకుంటుంది. తొట్టి అడుగున తెల్లగా పొడి మిగులుతుంటే పోతు కాల్షియం తినడం లేదన్నమాటే. ఇంకో సంగతి, పొద్దున ముందు గడ్డి, తరవాత దాణా. ఖాళీ కడుపున ఒకేసారి పెద్ద మోతాదులో దాణా పడితే ఒంట్లో నీరు కడుపులోకి లాగబడి కొన్ని గంటలపాటు మూత్రం తగ్గిపోతుంది. రోజంతా గడ్డి అందుబాటులో ఉన్న పోతుకు ఈ ఒడిదుడుకులు ఉండవు.

మేత ఎంత సరిచేసినా నీళ్లు లేకపోతే వృథా. దాణా తినే 30 కిలోల పోతు ఎండల్లో రోజుకు మూడు నాలుగు లీటర్లు, అంతకన్నా ఎక్కువ కూడా తాగుతుంది. తాగాలంటే తొట్టి నీడలో ఉండాలి, రోజూ కడగాలి, పెంటికలు పడని ఎత్తులో ఉండాలి. మేక మురికి నీళ్లు ముట్టదు, దప్పికతోనే నిలబడుతుంది. చలికాలం పొద్దున చల్లటి నీళ్లకు మూతి పెట్టని పోతులకు గోరువెచ్చగా చేసి పెడితే తాగుతాయి. దాణాలో ఉప్పును ఒక శాతం నుంచి మెల్లగా రెండు మూడు శాతానికి పెంచితే దప్పిక పెరిగి మూత్రం పలచబడుతుంది. అయితే నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉన్నచోట మాత్రమే ఆ పని చేయండి. నీళ్లు తక్కువైన చోట ఉప్పు పెంచితే అదే విషమవుతుంది. ఉప్పురాయి వేలాడదీస్తే కొన్ని నాకుతాయి, కొన్ని నాకవు. దాణాలో కలిపిందే లెక్కకు వస్తుంది.

బక్రీద్ కోసం మేపేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. పండగ ఏటా పది పదకొండు రోజులు ముందుకు వస్తుంది. 2024లో జూన్ 17న, 2025లో జూన్ 7న వచ్చింది. రాబోయే కొన్నేళ్లు పోతులకు దాణా బాగా పెంచే ఆఖరి రెండు మూడు నెలలూ పచ్చిమేత దొరకని, బోర్లు అడుగంటే కాలంలోనే పడతాయి. దాణా ఎక్కువ, గడ్డి తక్కువ, నీళ్లు తక్కువ, ఎండ ఎక్కువ. రాయి పట్టడానికి కావలసినవన్నీ ఒకే కాలంలో చేరుతున్నాయి. పచ్చిమేత లేక విటమిన్ ఎ తగ్గినా మూత్రసంచి లోపలి పొర కణాలు ఊడి, రాయి పట్టడానికి విత్తనంలా పనిచేస్తాయి. రోజుకు నాలుగు రెమ్మల అవిశో సుబాబులో మునగో దొరికేలా జనవరిలోనే ఏర్పాటు చేసుకోవాలి.

దాణా ఎక్కువగా పెట్టక తప్పని ఆ నెలల్లో అమ్మోనియం క్లోరైడ్ ఆదుకుంటుంది. కళాయి వేసేవాళ్లు వాడే నవసాగరం అంటే మీకు తెలుస్తుంది. కానీ వాళ్ల దగ్గర దొరికే గడ్డలు కొని పెట్టకండి, వాటిలో ఏం కలిసి ఉంటుందో చెప్పలేం. పశువుల మందుల దుకాణంలో మేత వాడకానికి అమ్మే శుద్ధమైన పొడినే తీసుకోండి. ఇది మూత్రాన్ని పులుపు వైపు తిప్పుతుంది, పీహెచ్ 6.5 లోపు ఉన్నంతకాలం ఫాస్ఫేట్ రాళ్లు గట్టిపడవు. మోతాదు కిలో బరువుకు రోజుకు 200 మిల్లీగ్రాములు. అంటే 30 కిలోల పోతుకు 6 గ్రాములు. 400 గ్రాముల దాణా తినే చోట క్వింటాలు దాణాకు కిలోన్నర. 700 గ్రాములు తినే చోట అదే దాణా పెడితే మోతాదు దాదాపు రెట్టింపవుతుంది, అక్కడ క్వింటాలుకు 850 గ్రాములు చాలు. దాణా పెంచినప్పుడల్లా ఈ లెక్క మళ్లీ వేయాలి. దీని రుచి ఉప్పగా, చేదుగా ఉంటుంది. మూడో వంతుతో మొదలుపెట్టి పది రోజుల్లో పూర్తి మోతాదుకు తెండి, కాస్త బెల్లం నీళ్లతో కలిపి దాణా మీద చల్లండి. నీళ్ల తొట్టిలో మాత్రం కలపొద్దు, రుచికి జడిసి నీళ్లే మానేస్తే మొదటికే మోసం.

దీన్ని ఏడాది పొడుగునా పెట్టేది కూడా కాదు. ఎడతెగకుండా పెడితే ఒళ్లు అలవాటు పడి మూత్రం మళ్లీ క్షారం వైపు తిరుగుతుంది, ఎముకలోంచి కాల్షియం కరుగుతుంది. మధ్యమధ్య విరామం ఎంత ఇవ్వాలో మీ పశువైద్యుడితో మాట్లాడి నిర్ణయించండి. మోతాదు మించితే మేత మాని, ఎగశ్వాసతో డీలా పడుతుంది. ఎరువుల దుకాణంలో దొరికే యూరియా దీనికి బదులు కాదు, పటిక అంతకన్నా కాదు. కడుపు పులవకుండా దాణాలో తినే సోడా కలిపే అలవాటు చాలా ఫారాల్లో ఉంది. సోడా మూత్రాన్ని క్షారం చేస్తుంది. ఒక చేత్తో నవసాగరం, ఇంకో చేత్తో సోడా వేస్తే రెండూ కొట్టుకుపోతాయి. లూసర్న్, మొలాసిస్ కూడా మోతాదు మించితే ఇదే పని చేస్తాయి.

పని జరుగుతోందో లేదో చూసుకునే తేలికైన దారి పీహెచ్ కాగితం. పడుకున్న పోతును పొద్దున్నే లేపితే నిమిషం రెండు నిమిషాల్లో ఉచ్చ పోస్తుంది. పొడవాటి కర్రకు చిన్న గ్లాసు కట్టుకొని పట్టుకోండి. దొడ్డిలో నాలుగిటిని చూస్తే చాలు. మధ్యాహ్నం దాణా తిన్న కొన్ని గంటలకు ఇంకోసారి చూడండి. ఆరు, ఆరున్నర మధ్య ఉంటే బాగున్నట్టు. అయిదున్నర కంటే దిగితే మోతాదు తగ్గించాలి. ఏడు పైనే ఉంటే దాణాలో సరిగా కలవలేదో, సోడా పడుతోందో వెతకాలి. పోతు అంగం తొడుగు కొసన ఉండే వెంట్రుకల మీద కూడా కన్నేయండి. అక్కడ ఇసుకలా, ఉప్పు గింజల్లా ఎండిన పలుకులు అంటుకొని ఉంటే లోపల మొదలైందన్నమాట, ఇంకా బిగుసుకోలేదు. ఆ రోజే తవుడు ఆపి మేత సరిచేయాలి.

విత్తు కొట్టించే వయసూ దీనితో ముడిపడి ఉంది. మూత్రనాళం వెడల్పు కావడానికి మగ హార్మోను కావాలి. నెల, రెండు నెలల పిల్లకే రబ్బరు బ్యాండు వేస్తే నాళం సన్నగానే మిగిలిపోతుంది. ఏడాది లోపు మాంసానికి పోయే పిల్లకు ఇది పెద్ద తేడా కాకపోవచ్చు. కానీ ఏడాది, రెండేళ్లు మేపే పోతుకు అయిదారు నెలలు నిండేదాకా ఆగడం మంచిది. అప్పుడు పశువైద్యుడి చేత, నొప్పి తెలియకుండా మత్తు సూది వేయించి చేయించండి. ఆగితే వచ్చే చిక్కు ఒకటుంది. మూడు నాలుగు నెలలకే పోతుపిల్లలు ఆడవాటి మీద పడతాయి, మూడో నెల నుంచి వేరే దొడ్డిలో పెట్టాలి.

వరిగడ్డి మీదే బతికే పోతుల్లో సిలికా రాళ్లు పట్టవచ్చు. వరిగడ్డిలో సిలికా ఎక్కువ, నీళ్లు తక్కువైనప్పుడు ప్రమాదం. వరిగడ్డిని పూర్తి మేతగా కాక సగానికి పరిమితం చేయండి. ముళ్ల తోటకూర, గంగవాయిలి లాంటి కలుపు మొక్కల్లో ఆక్సలేట్లు ఎక్కువ, మోపులకొద్దీ కోసి అదే వేయకండి. ఈ రెండు రకాల రాళ్లకు నవసాగరం మీద ఆధారపడొద్దు.

ఇంత చేసినా ఎక్కడో ఒకటి బిగుసుకుంటుంది. అప్పుడు గంటలే లెక్క. ముక్కుతోంది, తోక ఆడిస్తోంది, పళ్లు కొరుకుతోంది, పొట్ట కేసి కాలితో తన్నుకుంటోంది, చుక్కలు చుక్కలుగా లేదా ఎర్రగా వస్తోంది అంటే పెంటికలు చూసి కడుపు కట్టిందని తేల్చేయకండి. పొడి నేల మీద విడిగా కట్టి గంటసేపు చూడండి. నేల తడవకపోతే ఆగొద్దు. ఆముదం పోయొద్దు. నీళ్లు బలవంతంగా తాగించొద్దు, దారి మూసుకున్న సంచిలోకి ఇంకా నీళ్లు నింపినట్టవుతుంది. మూత్రం జారీ కావడానికని సూది వేయించొద్దు, అదీ ఇదే కారణం. అప్పుడు నవసాగరం తాగించినా బిగుసుకున్న రాయి కరగదు. ఆలస్యమైతే మూత్రసంచి పగులుతుంది, లేదా నాళం చిట్లి పొట్ట కింద తోలు లోపల మూత్రం చేరి ఆ చోటంతా వాచి నల్లబడుతుంది.

పశువైద్యుడు ముందు అంగాన్ని బయటికి తీసి కొసన ఉన్న తోకను చూస్తారు. రాయి అక్కడే ఉంటే ఆ తోకను కత్తిరిస్తే వెంటనే ధార వస్తుంది. ఈత పోతు అయినా దీనివల్ల సాధారణంగా పనికి రాకుండా పోదు. కాని చాలాసార్లు వెనక ఇంకా రాళ్లుంటాయి, ఒకటి రెండు రోజుల్లో మళ్లీ బిగుసుకోవచ్చు, కనిపెట్టుకొని ఉండాలి. రాయి మలుపులో ఉంటే పొట్ట పక్కనుంచి మూత్రసంచిలోకి గొట్టం పెట్టి, మూత్రం బయటికి పోతుండగా లోపలి రాళ్లు కరిగేదాకా వారం, పదిరోజులు ఉంచుతారు. మాంసానికి మేపే పోతుకు వెనక వైపు, ఆడించే తోక కింద కొత్త దారి తెరిచే ఆపరేషన్ కూడా ఉంది, అయితే ఆ దారి నెలల్లో మూసుకుపోవచ్చు. ఏది చేసినా పోతు తిరిగి వచ్చేది అదే దొడ్డికి, అదే తొట్టికి. తొట్టిలో దాణా మారకపోతే రాయి మళ్లీ వస్తుంది. ఒకదానికి వచ్చిందంటే అదే దాణా తింటున్న మిగతా వాటి మూత్రసంచుల్లోనూ ఇసుక ఉంటుందని అనుకోండి.

దీన్ని తెలుసుకోవడానికి ఖర్చులేని దారి ఒకటుంది. సంఘం సభ్యుల పోతులు కోసే చోట మూత్రసంచిని పారేయకముందు నిలువునా కోసి, లోపలి పొరను వేలితో రాసి చూడమనండి. గరుకుగా ఇసుక తగిలితే ఆ దొడ్డికి కబురు చేయండి. రాయి దొరికితే కడిగి, నీడలో ఆరబెట్టి, చిన్న డబ్బాలో వేసి దాచండి. ఫాస్ఫేటా, కార్బొనేటా, సిలికానా అన్నది పరీక్షలో తేలితేనే మేతలో ఏది మార్చాలో తెలుస్తుంది. రాజేంద్రనగర్, కోరుట్ల, తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి పశువైద్య కళాశాలల వారిని ఈ సందర్భంగా కోరుతున్నాం: సంఘాలు పంపే రాళ్లను, దాణా నమూనాలను పరీక్షించి ఫలితం తెలుగులో, ఏం మార్చాలో కూడా రాసి ఇచ్చే ఏర్పాటు చేయండి.

దాణా మిల్లుల వారికి మా విన్నపం సూటిగా ఉంది. మాంసకృత్తులు, కొవ్వు, పీచు శాతాలు వేస్తున్నారు, మంచిదే. పక్కనే కాల్షియం ఎంత, భాస్వరం ఎంత అన్న రెండు అంకెలు కనిపించేంత పెద్ద అక్షరాల్లో వేయండి. 'మేకల దాణా' అన్న పేరుతో ఆడవాటికి, పోతులకు ఒకే సంచి అమ్మకండి. పోతుల దాణాకు కాల్షియం, భాస్వరం రెండుకు ఒకటిగా పెట్టి, అమ్మోనియం క్లోరైడ్ కలిపితే ఎంత కలిపారో, రోజుకు ఎన్ని గ్రాములకు మించి పెట్టకూడదో రాయండి.

రెండు రాష్ట్రాల పశుసంవర్ధక శాఖలను కోరేది కూడా పెద్ద పథకమేమీ కాదు. పశువుల అంబులెన్సు బండి కోసం 1962 నంబరుకు ఫోన్ చేసి పోతు మేత మానిందని చెప్పిన ప్రతి రైతునూ, ఫోన్ ఎత్తినవారు మొట్టమొదట ‘ఉచ్చ పోస్తోందా, ఎప్పుడు పోసింది’ అని అడిగేలా నేర్పండి. పోయడం లేదంటే ఆ బండి ముందు అక్కడికే వెళ్లాలి. మండల ఆసుపత్రుల్లో మేకకు సరిపోయే సన్నని గొట్టాలు, పీహెచ్ కాగితాలు ఎప్పుడూ ఉండేలా చూడండి. రైతు సేవా కేంద్రాలలో సున్నపురాయి పొడి, మేతకు వాడే అమ్మోనియం క్లోరైడ్ అమ్మకానికి పెట్టించండి. ఆంధ్రప్రదేశ్‌లో పశువుల దాణా నాణ్యతకు 2020 నుంచి చట్టమే ఉంది. దాణా నమూనాలు తీసినప్పుడు కాల్షియం, భాస్వరం కూడా కొలిపించి, ఆ వివరాలు సంఘాలకు అందించండి.

సంఘాలుగా మీరు ఇప్పుడే చేయగలిగినది ఉంది. వచ్చే సర్వసభ్య సమావేశానికి ప్రతి సభ్యుణ్ణీ తన పోతులకు పెట్టే దాణా సంచి చీటీ, లేదా ఇంట్లో కలుపుకునే సరుకుల లెక్క, వేసే గడ్డి పేరు, రోజుకు ఎన్ని గ్రాములు పెడుతున్నారో రాసి తెమ్మనండి. తూకం వేసి తెమ్మనండి, డబ్బాలతో చెప్పే లెక్క వద్దు. తవుడు నిండిన డబ్బా, నూక నిండిన డబ్బా ఒకే బరువు తూగవు. మండల పశువైద్యుణ్ణి పిలిచి, ఆ చీటీలను ముందు పెట్టుకొని ఏ ఇంటి దాణాలో భాస్వరం ఎక్కువో, ఎక్కడ పొడి కలపాలో, ఎక్కడ కలపకూడదో అక్కడే లెక్క వేయించండి. రాతిపొడి, ఉప్పు, పీహెచ్ కాగితాలు సంఘం పేరున ఒకేసారి కొనండి. పండగ పోతులు మేపే సభ్యులకు ఈ పని ఫిబ్రవరి లోపే అయిపోవాలి. దాణా పెంచడం మొదలయ్యాక కూర్చుంటే అప్పటికే కొన్ని మూత్రసంచుల్లో ఇసుక చేరి ఉంటుంది.

ఇట్లు,
మేకలు, గొర్రెల మేపులోనూ వైద్యంలోనూ పనిచేసే కొందరం